‘పారదర్శకంగా’ అని రాసి ఊరుకున్నాం

“లబ్ధిదారుల ఎంపిక పారదర్శకంగా జరగాలి: కలెక్టర్.” “బదిలీల కౌన్సెలింగ్ పారదర్శకంగా నిర్వహిస్తాం: డీఈవో.” “ధాన్యం కొనుగోళ్లలో పారదర్శకత పాటించాలి: జేసీ.” జిల్లా పేజీల్లో ఇలాంటి శీర్షికలు లేని వారం ఉండదు. వీటిని రాసింది మేమే. మండల విలేకరి పంపాడు, డెస్కులో ఉపసంపాదకుడు దిద్దాడు, ఎడిషన్ ఇన్‌ఛార్జి సరేనన్నాడు, అచ్చయింది. ఆ మాట అన్న అధికారిని ‘ఏ జాబితా పెడతారు, ఎక్కడ పెడతారు, ఏ తేదీకల్లా పెడతారు’ అని అడిగినవాళ్లు మాలో చాలా తక్కువ. అడక్కుండానే రాశాం. రాసి ఊరుకున్నాం.

పత్రికల మీద జనానికి చాలా ఫిర్యాదులున్నాయి. పార్టీల కొమ్ము కాశామని, సంచలనాల వెంట పరుగెత్తామని, సినిమావాళ్లకిచ్చిన చోటు రైతులకు ఇవ్వలేదని అంటారు. అవన్నీ ఒప్పుకోవాల్సినవే. వాటికంటే లోతైన తప్పు ఇంకొకటి ఉందని నా నమ్మకం. ప్రజల డబ్బుతో, ప్రజల పేరుతో జరిగే పనిలో దాపరికం లేకుండా చూడటం మా వృత్తికి ప్రాణం. సరిగ్గా ఆ పనిని చెప్పే మాటనే మేం అరగదీసి, అర్థం లేకుండా చేసి, అధికారుల చేతికి అలంకారంగా ఇచ్చాం. తెలుగు విలేకరులం, ఉపసంపాదకులం, సంపాదకులం అందరం కలిసి చేసిన పని ఇది. లెక్క కూడా అందరం కలిసే చెప్పాలి.

పారం అంటే అవతలి ఒడ్డు. అవతల ఉన్నదాన్ని చూపించేది పారదర్శకం. బళ్లో కాంతి పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు గాజు పలక, నూనె రాసిన కాగితం, అట్టముక్క తెచ్చి, ఒక్కొక్కదాని వెనకా కొవ్వొత్తి పెట్టి చూపిస్తాడు. గాజు పారదర్శకం, నూనె కాగితం పాక్షిక పారదర్శకం, అట్ట అపారదర్శకం. ఇందులో ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. కొవ్వొత్తి కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. పాలన గురించి రాసేటప్పుడు మేం ఈ పరీక్షను పక్కన పెట్టేశాం. అవతల ఏముందో చూడకుండానే, ‘ఇది గాజే’ అని చెప్పినవాడి మాటను శీర్షికలోకి ఎక్కించాం.

మా వార్తల్లో ఆ మాట ఎలా వాడుకైందో గమనిస్తే తప్పు ఇంకా తేటపడుతుంది. ఎక్కువసార్లు చివర ‘గా’ చేరి వస్తుంది. దాని పక్కన వచ్చే క్రియలు జరగాలి, నిర్వహిస్తాం, చేపడతాం, అమలు చేస్తాం. అంటే ఎప్పుడూ రాబోయే కాలమే. ‘నిన్న ఫలానా జాబితాను ఫలానా గోడకు అంటించారు, ఊరివాళ్లు చదివారు, ఇన్ని అభ్యంతరాలు వచ్చాయి’ అని జరిగినదాన్ని చెప్పే వార్త అరుదు. పైగా ఇంట్లో, వీధిలో మనం వాడే మాటలు వేరు. దాచకుండా చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు, నలుగురిలో పెట్టు అంటాం. ‘దాపరికం లేదు’ అని ఎవరైనా అంటే, వినేవాళ్ల మనసులో ‘అయితే ఏం దాచి ఉంటారు’ అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. ‘పారదర్శకంగా’ అంటే ఆ ప్రశ్న లేవదు. అందుకే అధికారులకు అది నచ్చింది. అందుకే అది మాకు అనుమానం కలిగించాల్సింది. కలిగించలేదు.

2005 నాటి సమాచార హక్కు చట్టం మా కంటే సూటిగా మాట్లాడింది. ఆ చట్టం అనగానే అందరికీ దరఖాస్తు గుర్తొస్తుంది. అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. రుసుము పది రూపాయలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న నిబంధనల్లో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు రుసుమే లేదు. ఎందుకు అడుగుతున్నావో చెప్పాల్సిన అవసరం లేదు. ఈ సంగతులు మేం అప్పుడప్పుడూ రాశాం. చట్టానికి గుండెకాయ లాంటి నాలుగో సెక్షన్ గురించి మాత్రం దాదాపు రాయలేదు.

ఎవరూ అడక్కుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ 17 అంశాల సమాచారాన్ని తనంతట తాను ప్రకటించాలని, ఏటా దాన్ని తాజా చేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఏ విభాగానికి ఎంత బడ్జెట్ వచ్చింది, ఎంత చెల్లించారు. సబ్సిడీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత కేటాయించారు, లబ్ధిదారులెవరు. రాయితీలూ పర్మిట్లూ ఎవరికి దక్కాయి. ఏ ఉద్యోగికి నెల జీతం ఎంత. ఏ నిబంధన ప్రకారం నిర్ణయాలు జరుగుతాయి. అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. జనం దరఖాస్తు పెట్టుకోవాల్సిన అవసరం వీలైనంత తగ్గిపోయేలా కార్యాలయమే ముందుగా చెప్పాలన్నది ఆ సెక్షన్ ఉద్దేశం. గడువు 2005 అక్టోబరు 12తో ముగిసింది. అంటే మా శీర్షికల్లో ‘జరగాలి’, ‘చేస్తాం’ అని ఇప్పటికీ రాబోయేదిగా కనిపిస్తున్న పని చట్టం లెక్కలో ఎప్పుడో పూర్తి కావాల్సింది.

అంతేకాదు. ఆ సమాచారం స్థానిక భాషలో, స్థానికంగా బాగా అందే పద్ధతిలో చేరాలని కూడా చట్టం చెప్పింది. ఏ పద్ధతులో పేర్లు పెట్టి చెప్పింది: నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు, ఇంటర్నెట్. బహిరంగ ప్రకటన అంటే మన ఊళ్లలో దండోరా, చాటింపు. వార్తాపత్రిక అంటే మేం. పార్లమెంటు చేసిన చట్టం ప్రజలకూ సమాచారానికీ మధ్య దారిగా మమ్మల్ని పేరుతో పిలిచింది. ఆ పిలుపు విన్నట్టు కూడా మేం ప్రవర్తించలేదు.

ఈ 17 అంశాలు చేతిలో పట్టుకుని ఒక తహసీల్దారు కార్యాలయానికి, ఒక పంచాయతీకి, ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, ఇది ఉంది, ఇది లేదు అని సరిచూడటం పెద్ద పరిశోధన కాదు. ఒక పూట పని. సిమెంటు రోడ్డు వేసిన చోట పని వివరాల బోర్డు ఉందా, అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, పూర్తి చేయాల్సిన తేదీ దాని మీద రాశారా అని చూడటానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. చౌకధరల దుకాణం ముందు ఆ రోజు నిల్వ రాశారో లేదో దారిన పోతూ చూడొచ్చు. ఇంతటి తేలిక పని చేయకుండా, అదే కార్యాలయంలో జరిగిన సమీక్షా సమావేశానికి వెళ్లి, టీ తాగి, ప్రెస్ నోట్ తీసుకుని, ‘పారదర్శకంగా’ అన్న మాటను మోసుకొచ్చాం.

ఈ హక్కు పుట్టినప్పుడు పత్రికలవాళ్లు ఎక్కడున్నారో గుర్తు చేసుకుంటే మా పతనం ఇంకా బాధిస్తుంది. రాజస్థాన్‌లో 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, కరువు పనుల్లో కూలీలకు అందాల్సిన డబ్బు ఎటు పోయిందని అడగడంతో ఈ పోరాటం మొదలైంది. మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, వోచర్లు చూపించమని వాళ్లు పట్టుబట్టారు. 1994లో కోట్ కిరానాలో జన్ సున్వాయీ (ప్రజా విచారణ) పెట్టి, ఆ కాగితాల్లో ఉన్న పేర్లు అందరి ముందూ చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఆ రోజుల్లో ‘జనసత్తా’ వ్యవస్థాపక సంపాదకుడు ప్రభాష్ జోషీ, కులదీప్ నయ్యర్ లాంటి పాత్రికేయులు వాళ్ల పక్కన నిలబడ్డారు. జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సమాచార హక్కు బిల్లుకు ముసాయిదా తయారు చేసింది. కూలీలు అడిగిన ప్రశ్నను దేశం చట్టంగా మార్చుకోవడంలో పాత్రికేయులకు వాటా ఉంది. ఆ కూలీలు ఎవరినీ ‘పారదర్శకంగా ఉండండి’ అని వేడుకోలేదు. ఫలానా కాగితం చూపించమన్నారు. మేం నేర్చుకోవాల్సిన పాఠం అంతా అందులోనే ఉంది.

నేర్చుకోవడానికి రాజస్థాన్ దాకా వెళ్లాల్సిన అవసరం కూడా మాకు లేకపోయింది. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అదే ఏడాది నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు ప్రారంభమయ్యాయి. 2009లో వాటికోసం విడిగా ఒక సొసైటీయే ఏర్పడింది. ఊళ్లోని చదువుకున్న యువకులు, కూలీల పిల్లలు మస్టర్లు చేత పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ‘ఇన్ని రోజులు పని చేసినట్టు ఉంది, నిజమేనా, ఇంత కూలి అందిందా’ అని అడిగారు. పని జరిగిన చోట టేపు పెట్టి కొలిచారు. గ్రామసభలో చదివారు. ఆఖరున మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే ఒక్కొక్క ఆరోపణా వినిపించారు. చనిపోయినవాళ్ల పేరు మీద పడిన హాజర్లు, ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేరు మీద తీసిన కూలి అలాంటి చోట్లే బయటపడ్డాయి. ఈ పద్ధతిని చూడటానికి ఇతర రాష్ట్రాలవాళ్లు వచ్చారు. ‘పారదర్శకం’ అన్న మాటకు నేల మీద, టెంటు కింద, మైకు ముందు నిజమైన అర్థం దొరికిన చోటు మన మండల కేంద్రమే.

మేం దాన్ని ఎలా రాశాం? రికవరీ ఎంతో చెప్పే అంకె దొరికితే నాలుగు లైన్లు రాశాం. ఎవరైనా గొంతు పెంచితే ‘రసాభాసగా ప్రజావేదిక’ అని శీర్షిక పెట్టాం. గొంతు పెంచింది ఎవరు, ఏ కాగితం చూసి పెంచారు, ఆ కాగితంలో ఏముంది అన్నవి రాయలేదు. తన పేరు మీద ఇంకొకరు డబ్బు తీసుకున్నారని తెలిసిన మనిషి నెమ్మదిగా ఎందుకు మాట్లాడాలి? లెక్క నలుగురిలో పెట్టినప్పుడు గొడవ వస్తుంది. రావాలి. అన్నీ సద్దుమణిగి, చప్పట్లతో ముగిసిన సమావేశానికి ‘పారదర్శకం’ అని పేరు పెట్టి, లెక్క నిజంగా తెరిచి చూపిన సభకు ‘రసాభాస’ అని పేరు పెట్టాం. మాటను తలకిందులు చేయడమంటే ఇదే.

అంతకంటే పెద్ద అన్యాయం పింఛన్ల విషయంలో చేశాం. ఏ నిర్ణయం వల్ల ఎవరికి నష్టం కలుగుతుందో వాళ్లకు కారణాలు చెప్పాలని అదే నాలుగో సెక్షన్ చెబుతుంది. అంటే పింఛను రద్దయిన వితంతువుకు, రేషన్ కార్డు పోయిన కూలీకి, జాబితాలోంచి పేరు తీసేసిన కౌలు రైతుకు ‘ఎందుకు’ అని తెలుసుకునే హక్కు ఉంది. అలాంటి అవ్వ గురించి మేం రాయలేదని కాదు. బొమ్మ వేసి మరీ రాశాం. ‘కనికరించండి సారూ’, ‘ఆదుకోరూ’, ‘అవ్వ గోడు వినేదెవరు’ అని రాశాం. కలెక్టర్ స్పందించి పింఛను ఇప్పిస్తే ‘ఎఫెక్ట్’ అని మా పత్రిక పేరు పెట్టి మళ్లీ రాసుకున్నాం. ఆమె పేరు ఏ కారణంతో, ఏ అధికారి సంతకంతో తీసేశారో మాత్రం అడగలేదు. అదే కారణంతో ఆ మండలంలో ఇంకెంతమంది పేర్లు పోయాయో ఆరా తీయలేదు. హక్కుగా రావాల్సిన జవాబును దయగా మార్చాం. దయ చూపించిన అధికారికి పేరొచ్చింది, మాకు పేరొచ్చింది. ఆమె పక్కింటివాళ్లు మాత్రం ఎందుకు కోల్పోయారో తెలియకుండా మిగిలిపోయారు.

ప్రభుత్వ ఉత్తర్వుల సంగతీ అంతే. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. తిరిగి పెట్టడం 2024 ఆగస్టులో, ప్రభుత్వం మారాక మొదలైంది. ఆ 2021 ఆగస్టులోనే తెలంగాణలో కూడా జీవోలు వెబ్‌సైట్‌లో ఉండటం లేదన్న విషయం హైకోర్టు దాకా వెళ్లింది, 24 గంటల్లో పెట్టాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి సందర్భంలో పత్రికలన్నీ ఒక్కటై నిలబడాలి. జీవో ప్రజల కాగితం, దాన్ని దాచే అధికారం ఏ పార్టీకీ లేదని రోజూ రాయాలి. మేం దాన్ని కూడా రెండు పార్టీల గొడవగా మార్చాం. ఒక పక్షం పత్రికలు ఖండించాయి, ఇంకో పక్షం పత్రికలు మౌనం పాటించాయి. ప్రభుత్వం మారినప్పుడు ఖండనా మౌనమూ చోటు మార్చుకున్నాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ జీవోలు మాలో చాలామందికి వాట్సాప్‌లో అందుతూనే ఉన్నాయి. తలుపు మూసుకున్నది పాఠకుడికి. మాకు పక్క గుమ్మం తెరిచే ఉంది. అందుకే మాకు అంతగా నొప్పి పుట్టలేదు.

ఆ జీవోల భాష గురించి కూడా మాట్లాడలేదు. 1966లోనే తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. అయినా సామాన్యుడి బతుకును మార్చే ఉత్తర్వుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులోనే వెలువడుతున్నాయి. వాటిని తెలుగులోకి తెచ్చే పని రోజూ మా డెస్కుల్లో జరుగుతుంది. మూడు పేజీల ఉత్తర్వు మా చేతిలో ఆరు వాక్యాలవుతుంది. ఎవరికి వర్తించదు, ఏ తేదీ దాటితే చెల్లదు, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్న వాక్యాలే తరచుగా కత్తెరకు బలవుతాయి. చదివేవాడికి అసలు కావలసినవి అవే.

ఎందుకిలా అయ్యాం? నిజాయితీగా చెప్పాలంటే, దాపరికం మాకు లాభసాటి. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని రాయగలిగితేనే మాకు విలువ. అధికారి చెవిలో చెప్పిన సంగతి, ఎమ్మెల్యే అనుచరుడు పంపిన కాగితం, ఆఫ్ ది రికార్డుగా దొరికిన మాట మా వృత్తిలో హోదాకు గుర్తులు. అదే కాగితం పంచాయతీ గోడ మీద అందరికీ కనిపిస్తే, దాన్ని ముందుగా చూసినవాడిగా మా గొప్ప పోతుంది. కాబట్టి మూసిన తలుపుతో మేం రాజీ పడ్డాం, మాకు మాత్రం కొంచెం తెరిస్తే చాలనుకున్నాం. దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగి సంపాదించే కాగితం కంటే ఫోన్‌లో దొరికే కబురు మాకు తీపి. ఫోన్‌లో చెప్పినవాడికి మేం రుణపడతాం. చట్టప్రకారం వచ్చిన కాగితానికి ఎవరికీ రుణపడనక్కర్లేదు. ఈ తేడా తెలిసి కూడా రుణాన్నే ఎంచుకున్నాం.

కింది స్థాయిలో కథ వేరు, అక్కడ తప్పు పైవాళ్లది. చాలా సంస్థల్లో మండల విలేకరికి బతకడానికి సరిపడే జీతం లేదు. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటు పేరుతో చేతికొచ్చేది పెట్రోలు ఖర్చుకే చాలదు. పైగా పండగలకూ, నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చే లక్ష్యాలు పెడతాం. పొద్దున సర్పంచి దగ్గరికి ప్రకటన అడగడానికి వెళ్లిన మనిషి, సాయంత్రం అదే సర్పంచిని పంచాయతీ ఖర్చుల పుస్తకం చూపించమని ఎలా అడుగుతాడు? అడిగిన కొందరున్నారు. వాళ్లలో కొందరి మీద కేసులు పడ్డాయి, కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ‘అతను మా విలేకరే, మేం అతని వెనక ఉన్నాం’ అని మొదటి పేజీలో రాసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా ఇంటి దాపరికం ఇంకా చేదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా వేశారన్న ఆరోపణలు దేశమంతటా వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరు అందులో గట్టిగా వినిపించింది. ఇక్కడి వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలను పరిశీలించి ఆ వ్యవహారాన్ని బయట పెట్టడం మాకు మిగిలిన కొద్ది గౌరవం. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా కలిసి 71 పేజీల నివేదిక ఇచ్చారు. సంస్థల పేర్లతో సహా ఇచ్చారు. కౌన్సిల్ 2010లో ఆ పూర్తి నివేదికను ప్రచురించకుండా పక్కన పెట్టి, పేర్లు లేని చిన్న నివేదికను విడుదల చేసింది. చివరికి అది ప్రజల ముందుకొచ్చింది 2011లో, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో. ఒకప్పుడు సమాచార హక్కు బిల్లుకు ముసాయిదా రాసిన సంస్థే తన నివేదికను దాచింది. ఆ దాపరికాన్ని సమాచార హక్కు చట్టమే ఛేదించింది. ఆ రోజు తలదించుకోవాల్సింది కౌన్సిల్ ఒక్కటే కాదు. ఆ నివేదికను మేం ఎంతమంది పాఠకుల దాకా తీసుకెళ్లాం? అందులో పేర్లున్న సంస్థలు ఎన్ని తమ పాఠకులకు సంజాయిషీ ఇచ్చుకున్నాయి?

పత్రికల యాజమాన్య వివరాలనూ చూడండి. 1956 నాటి నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ప్రతి పత్రికా ఫారం 4 ప్రకటించాల్సి ఉండేది. యజమాని ఎవరు, ప్రచురణకర్త ఎవరు, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్లెవరు అన్నది అందులో ఉండేది. అది మా గురించి మేం పాఠకుడికి చెప్పుకోవాల్సిన నిజం. దాన్ని లోపలి పేజీల్లో, టెండరు నోటీసుల మధ్య, భూతద్దం ఉంటేగానీ చదవలేని అక్షరాల్లో వేశాం. పంచాయతీ కార్యదర్శి జాబితాను ఎవరూ చూడని మూల అంటిస్తే అది దాపరికమే. మేం చేసిందీ అదే.

ఈలోగా చట్టమే బక్కచిక్కింది. 2019 సవరణతో సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాలు నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరిలో ఉన్నవాళ్ల పదవీకాలం ముగిశాక, 2025లో కొత్తవాళ్లు వచ్చేదాకా అప్పీలు వినే కమిషనరే లేరు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చేసింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉంటే, లేదా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, మినహాయింపే. 8(2) కింద ప్రజాప్రయోజనం చూపి ఇవ్వొచ్చన్న దారి మిగిలింది కానీ, ఇవ్వకూడదనుకున్న అధికారి ఆ దారి తొక్కడు. ప్రజావేదికలో మైకు ముందు చదివింది మనుషుల పేర్లనే. మస్టర్‌లో ఉన్నది పేరు, రేషన్ జాబితాలో ఉన్నది పేరు, కాంట్రాక్టరుదీ పేరే. పేర్లు తీసేస్తే తనిఖీ చేయడానికి ఏం మిగులుతుంది? ఇంత పెద్ద మార్పు మా పేజీల్లో ఒకటి రెండు వ్యాసాలకు, లోపలి పేజీ వార్తకు మించి చోటు సంపాదించలేదు. సమాచార హక్కు పేరుతో బెదిరించి డబ్బు గుంజినవాళ్ల వార్తలకు మాత్రం చోటు దొరికింది. అలాంటివాళ్లున్నారు, వాళ్లలో ప్రెస్ కార్డు జేబులో ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూపించి, నిజంగా అడిగే మనిషి మీద కూడా అనుమానపు నీడ పడేలా రాశాం.

తెలుగు పత్రిక ఇలా మొదలవలేదు. 1874లో వీరేశలింగం పంతులు ‘వివేకవర్ధని’ పెట్టి, రాజమహేంద్రవరం న్యాయస్థానాల్లో సాగుతున్న లంచాల గుట్టు రట్టు చేశారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ను నిజాం పాలనలో నడిపించారు. 1948 ఆగస్టులో హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉర్దూలో రాసిన రాతలకు ప్రాణమే ఇచ్చారు. వాళ్ల బొమ్మలు మా కార్యాలయాల గోడల మీద ఉంటాయి, వాళ్ల జయంతులకు ప్రత్యేక వ్యాసాలు వేస్తాం. వాళ్లు చేసిన పని ఒకటే: అధికారం మూసి ఉంచినదాన్ని తెరిచి జనం ముందు పెట్టడం. వాళ్లకు సమాచార హక్కు చట్టం లేదు, కోర్టుల అండ లేదు. మాకు రెండూ ఉన్నాయి. అన్నీ ఉండి చేయనివాళ్లం మేం.

ఇప్పుడు చేయాల్సిన పనులు కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. అధికారి ‘పారదర్శకంగా’ అన్నప్పుడు విలేకరి మూడు ప్రశ్నలు అడగాలి: ఏ కాగితం, ఎక్కడ, ఎప్పటికి. జవాబు వస్తే వార్తలో ఆ కాగితం గురించి రాయాలి. రాకపోతే, జవాబు రాలేదని రాయాలి. జవాబు లేకుండా వచ్చిన ఆ మాటను డెస్కు కొట్టేయాలి. ప్రతి జిల్లా ఎడిషన్ వారానికొక కార్యాలయంలో 17 అంశాలనూ సరిచూసి, ఉన్నవీ లేనివీ అచ్చు వేయాలి. చెప్పిన తేదీ రోజున మళ్లీ అదే గోడ దగ్గరికి వెళ్లి చూడాలి. పింఛను పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఆమెకు రాతపూర్వకంగా కారణం ఇచ్చారా లేదా అన్నది మొదటి వాక్యంలో ఉండాలి. మండల విలేకరికి జీతం ఇవ్వాలి, ప్రకటనల లక్ష్యం అతని భుజం మీద నుంచి దించాలి. కాగితం అడిగినందుకు అతని మీద కేసు పడితే సంపాదకుడి పేరుతో మొదటి పేజీలో రాయాలి. మా యజమానులెవరో, ఏది ప్రకటనో ఏది వార్తో, నిన్న ఏం తప్పు రాశామో పాఠకుడికి కంటికి ఆనే అక్షరాల్లో చెప్పాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ మంత్రి అనుమతి అక్కర్లేదు, చట్ట సవరణ అక్కర్లేదు, కోర్టు ఆదేశం అక్కర్లేదు. జీతం పెంచడం తప్ప మిగతావాటికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఇన్నేళ్లూ ఎవరో అడ్డుపడితే ఆగిపోయిన పనులు కావివి. చేయగలిగి ఉండీ మేం చేయనివి. కాబట్టి గడిచిపోయిన కాలానికి జవాబు చెప్పాల్సింది మేమే, ఇవి మొదలుపెట్టకుండా గడిపే ప్రతి రోజుకూ జవాబు చెప్పాల్సింది మేమే.